దస్తూరి

2005 మే 9, సోమవారం, పగలు పదకొండుంబావుకి, రాజోలులో మా ఇంటి ముందుగదిలో, మా నాన్న కేశవరావు కంప్యూటరు మీద ఎఫ్ ఎయిట్ మీట నొక్కనివ్వలేదు.

నొక్కబోయినవాడు వెంకన్న. సెంటర్లో అతనికి కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. మా కంప్యూటరుకి వైరస్ పట్టి అప్పటికి నాలుగు రోజులు. తెరుచుకునేది, అమ్మ భవాని రెండు లైన్లు కొట్టేలోపు బిగుసుకుపోయేది. వెంకన్న మోపెడ్ మీద వచ్చి సంచిలోంచి ఒక సీడీ తీశాడు. దాని మీద అచ్చు ఏమీ లేదు. నల్ల స్కెచ్ పెన్నుతో ‘ఎక్స్‌పీ’ అని రాసి, కింద ఇరవై అయిదు అంకెలూ అక్షరాలూ వేసి ఉన్నాయి. పాత విండోస్ తీసేసి కొత్తది వేసేస్తానని, ఇంక వైరస్ మాటే ఉండదని చెప్పాడు.

తెర నీలంగా మారింది. దాని మీద తెల్ల అక్షరాలతో ఇంగ్లీషు. అడుగున, ఒప్పుకుంటే ఎఫ్ ఎయిట్, ఒప్పుకోకపోతే ఎస్కేప్ నొక్కమని ఉంది. వెంకన్న వేలు మీట మీదికి వెళ్లింది.

“ఆగవయ్యా. ఏమిటది?” అన్నారు నాన్న.

“అగ్రిమెంటండి.”

“నువ్వు చదివేవా?”

“ఎవరూ చదవరండి.”

“ఒప్పుకుంటున్నది ఎవరు? నువ్వా, నేనా?”

వెంకన్న ఆలోచించాడు. “కంప్యూటరు మీది కదండీ. మీరేనండి.”

నాన్న దస్తావేజు లేఖరి. రాజోలు రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల పంచలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా అమ్మకాలు, తనఖాలు, వీలునామాలు, కౌలు కాగితాలు రాస్తున్నారు. ఎవరైనా చదవకుండా సంతకం పెట్టబోతే కలం లాక్కునేవారు. చదువు రానివాళ్లకి మొదటి అక్షరం నుంచి చివరి దాకా తనే చదివి వినిపించి, అప్పుడు వేలిముద్ర వేయించేవారు.

కుర్చీ దగ్గరికి లాక్కుని, నన్ను నిఘంటువు తెమ్మన్నారు. పేజీ కిందికి దింపే మీట ఏదో వెంకన్నని అడిగి తెలుసుకున్నారు. గంటన్నర చదివారు. మధ్యలో వెంకన్న ఇంటికి వెళ్లి భోజనం చేసి వచ్చాడు. అతను వచ్చేసరికి నాన్న కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

“ఇది అమ్మకం కాదు, కౌలు,” అన్నారు. “సొత్తు వాళ్లదే. మనం వాడుకోవడం వరకే. ఒక యంత్రానికి ఒక కౌలు అని రాసేరు. నీ సీడీ ఎన్ని యంత్రాలకి వేసేవు?”

“లెక్కెట్టలేదండి. మలికిపురం దాకా ఇదేనండి.”

“మరి మూడేళ్లుగా మేము వాడిన పాతదో? భవాని కొట్టే తెలుగు అక్షరాలదో?”

“వాటికి మాత్రం కాగితాలెక్కడివండి గురువు గారూ. ఎవరింట్లో చూసినా అంతేనండి.”

నాన్న ఎస్కేప్ నొక్కమన్నారు. వెంకన్న గుమ్మం వైపు చూశాడు. అమ్మ అక్కడ నిలబడి ఉంది. అతను ఎస్కేప్ నొక్కి, సీడీ తీసుకుని, ఇవాళ్టికి తనకేమీ ఇవ్వక్కర్లేదని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ కంప్యూటరు 2002లో అమలాపురంలో సెకండ్‌హ్యాండులో కొన్నది. కొనడానికి కారణం నాన్న కుడిచెయ్యి. ఆ ఏడు మొదట్లో వేళ్లలో వణుకు మొదలైంది. డాక్టరు మందులు ఇచ్చారు, తగ్గదని కూడా చెప్పారు. పంచలో ఎవరికీ తెలియనివ్వకూడదని నాన్న అనుకున్నారు. అప్పటికే దస్తావేజులు రాయించుకునే పార్టీలు టైపు కాగితాలు అడుగుతున్నారు కాబట్టి సాకు దొరికింది. అమ్మ పెళ్లికి ముందు టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి తెలుగు లోయరు పరీక్ష ప్యాసైంది. కంప్యూటరులో వేసిన తెలుగు సాఫ్టువేరుకి మీటల వరస పాత టైపు మిషను వరసే. నాన్న మంచం మీద కూర్చుని చెప్పేవారు, అమ్మ కొట్టేది. సంతకం వరకు నాన్న చెయ్యి నిలబడేది. ఆ మూడేళ్లూ ఇల్లు అలా నడిచింది.

విండోస్ కౌలు కాగితంతో సహా కొనాలంటే మేము కంప్యూటరు కొన్న ధరకి దగ్గరగా ఉంది. తెలుగు సాఫ్టువేరుది అంతకంటే ఎక్కువ. నాన్న రెండూ ఫోను చేసి కనుక్కున్నారు. తర్వాత ఆ మాట ఎత్తలేదు.

మే నెలలో కాలవలు కట్టేస్తారు. మా వీధి చివర పంటకాలవ అడుగు కనపడుతోంది. పిల్లలు అందులో క్రికెట్ ఆడుతున్నారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కరెంటు ఉండేది కాదు. నేను డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. రోజూ పన్నెండున్నరకి క్యారేజీ పట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసు దగ్గరికి వెళ్లేదాన్ని.

మే 13, శుక్రవారం, నేను వెళ్లేసరికి సూరమ్మ గారూ, ఆవిడ కొడుకు వీర్రాజు గారూ బల్ల ముందు కూర్చుని ఉన్నారు. సూరమ్మ గారిది శివకోడు. తన పేరున ఉన్న అరవై సెంట్ల కొబ్బరితోట కూతురికి రాసి ఇస్తోంది. అలా రాసిచ్చేదాన్ని దఖలు దస్తావేజు అంటారు. నాన్న చేత్తో రాస్తున్నారు. మొదటి పేజీ బాగానే ఉంది. రెండో పేజీలో సర్వే నంబరు దగ్గర కలం జారింది. అంకె కొట్టేసి పైన రాశారు. దస్తావేజులో కొట్టివేత ఉంటే దాని పక్కన సంతకాలు పెట్టాలి. హద్దుల దగ్గరికి వచ్చేసరికి ‘పడమర’ అన్న మాట లైను దాటి కిందికి వచ్చింది. నాన్న ఆ కాగితం పక్కన పెట్టి మరోటి తీసుకున్నారు. దాని మీద రెండు లైన్లు రాసి ఆపారు.

వీర్రాజు గారు చూస్తూనే ఉన్నారు. కొంతసేపటికి చిత్తుప్రతి మీద చెయ్యి వేసి దగ్గరికి జరుపుకున్నారు.

“మీరు శ్రమపడకండి. తాతాజీ కొట్లో టైపు కొట్టించేస్తానండి. మాట మీదే, కాగితం వాడిది. అంతేనండి.”

“అలాగే,” అన్నారు నాన్న.

తాతాజీ మా నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడు. రోడ్డుకి అవతల అద్దాల తలుపు, రెండు కంప్యూటర్లు పెట్టుకున్నాడు. సూరమ్మ గారు లేచి రెండడుగులు వేసి వెనక్కి చూసింది. కొడుకు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు. నాన్న కలానికి మూత పెట్టి క్యారేజీ విప్పారు. అన్నం ఎడమచేత్తో తిన్నారు.

ఇంటికి వచ్చి నేను జరిగింది అమ్మకి చెప్పాను. నాన్న సాయంత్రం నాలుగున్నరకి వచ్చారు. అమ్మ మంచినీళ్లు ఇచ్చి, వెంకన్నని పిలుస్తానని, ఎఫ్ ఎయిట్ తనే నొక్కుతానని చెప్పింది.

“యంత్రం నా పేర ఉంది,” అన్నారు నాన్న.

“అన్నీ మీ పేరే.”

“పరాయి సొత్తు మీద కూర్చుని నేను ఇంకొకరి సొత్తుకి కాగితం ఎలా రాస్తాను భవానీ?”

అమ్మ గ్లాసు తీసుకుంది. గొంతు పెంచలేదు.

“మూడేళ్లలో మూడొందల పైచిలుకు దస్తావేజులు కొట్టేను. ఒక్కదాని కింద నా పేరుందా? అన్నిటి మీదా దస్తూరి కేశవరావనే ఉంది. అది ఎవరి చెయ్యండీ?”

దస్తావేజు చివర, సాక్షుల సంతకాల కింద, రాసిన చెయ్యి ఎవరిదో ఒక లైను ఉంటుంది. దాన్ని దస్తూరి అంటారు. దస్తావేజు మీద తగువొస్తే కోర్టువాళ్లు మొదట చూసేది సాక్షులని, తర్వాత ఆ లైనుని.

నాన్న కండువా వేసుకుని బయటికి వెళ్లారు. ఎండిన కాలవ గట్టు మీద కూర్చున్నారని పక్కింటివాళ్లు చెప్పారు.

మర్నాడు నేను ఎస్టీడీ బూత్ నుంచి పాపారావు మాస్టారికి ఫోను చేశాను. ఆయన ఇంటర్లో నాకు ఫిజిక్సు చెప్పారు. ఊరు మామిడికుదురు. వాళ్ల ఇంటిస్థలం కాగితాలు 1998లో నాన్నే రాశారు. వాళ్ల ఇంట్లో కంప్యూటరుకి విండోస్ లేదని, వేరే ఏదో వేసుకున్నారని క్లాసులో ఒకసారి చెప్పినట్టు గుర్తు.

మే 22, ఆదివారం, చర్చి అయ్యాక మాస్టారూ ఆయన భార్య హన్నా గారూ బస్సులో వచ్చారు. హన్నా గారు ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. అరిటాకులో చుట్టి పనసతొనలు తెచ్చారు. మాస్టారు జేబులోంచి అట్ట కవరులో ఉన్న సీడీ తీశారు. దీని మీద అచ్చు ఉంది.

“లినక్స్ అంటారండి. విండోస్ బదులు ఇది వేసుకోవచ్చు. పోస్టులో వచ్చిందండి, వేరే దేశం నుంచి. అడిగితే పంపుతారు.”

“ఊరికేనా?” అన్నారు నాన్న.

“ఆయ్, ఊరికేనండి. మనం ఎంతమందికైనా ఇవ్వచ్చు.”

“ఊరికే ఇచ్చినదానికే కాగితం గట్టిగా ఉండాలి మాస్టారూ. డబ్బిచ్చి కొన్నదానికి డబ్బైనా సాక్ష్యం ఉంటుంది.”

మాస్టారు నవ్వి, దీనికీ కాగితం ఉందని చెప్పి సంచిలోంచి తీశారు. కాలేజీలో ప్రింటు తీసుకొచ్చిన ఇంగ్లీషు కాగితాలు. నాన్న అందుకుని, పేజీలు లెక్కపెట్టి, వచ్చే ఆదివారం దాకా గడువు అడిగారు.

హన్నా గారు అమ్మతో, “మా ఇంట్లో దాన్ని చదివినవాళ్లు ఎవరూ లేరండి. ఈయనా చదవలేదు,” అన్నారు.

“కొంచెం చదివేనండి,” అన్నారు మాస్టారు.

ఆ వారం నాన్న పంచకి వెళ్లలేదు. ముంజెల కాలం. అమ్మ ముంజెలు ఒలిచి పళ్లెంలో పెట్టి పక్కన పెట్టేది. ఆయన ఎర్ర పెన్సిలు పట్టుకుని నిఘంటువు తిప్పుతూ ఉండేవారు. సాయంత్రానికి పళ్లెం అలాగే ఉంటే నేను తినేసేదాన్ని. కంప్యూటరు మీద అమ్మ కుట్టిన గుడ్డ కప్పి ఉంది.

మే 29న మాస్టారు వాళ్లు మళ్లీ వచ్చారు. నాన్న కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

“దానం పుచ్చుకున్నవాడు ఒప్పుకోకపోతే దస్తావేజు చెల్లదండి. దీంట్లో మాత్రం ఒప్పుకోనక్కర్లేదని వాళ్లే రాసేరు. నువ్వు సంతకం పెట్టలేదు కాబట్టి, అని కారణం కూడా రాసేరు. ఇలాటి దస్తావేజు నేను చూడలేదు.”

“అయితే వద్దంటారా?”

“చెప్పనివ్వండి. వాడుకుంటే ఏ షరతూ లేదు. ఇంకొకరికి ఇస్తేనే షరతు. మనకున్న హక్కులన్నీ వాళ్లకీ ఉండాలి, ఈ కాగితం కూడా ఇవ్వాలి. అది న్యాయంగానే ఉంది. కానీ పదకొండో షరతు బాగోలేదు. ఏ హామీ లేదట. అమ్మకంలో ఇలా రాస్తే శివకోడులో సెంటు భూమి కొనరు.”

“ఆ విండోస్ కాగితంలో హామీ ఉందాండీ?”

నాన్న గుర్తు చేసుకున్నారు. “అక్కడా పెద్దగా లేదు,” అన్నారు.

“మరింకేంటండి.”

నాన్న కాగితాలు మడిచి మాస్టారికి ఇవ్వబోయి, ఆగి, తన దగ్గరే ఉంచుకున్నారు. కానివ్వమన్నారు.

గంటన్నర పట్టింది. మాస్టారు ముందు అమ్మ పాత ఫైళ్లన్నీ వేరే సీడీ మీదికి తీశారు. తర్వాత లినక్స్ ఎక్కించారు. తెర కొత్తగా వచ్చింది. మాస్టారు అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, పాత ఫైలు ఒకటి తెరిచారు.

అది నలభై ఒక్క నమూనాల్లో ఒకటి. అమ్మకానికి ఒకటి, తనఖాకి ఒకటి, భాగాల పంపకానికి ఒకటి, ఇలా మూడేళ్లలో అమ్మ తయారుచేసి పెట్టుకుంది. పేర్లూ హద్దులూ మారిస్తే దస్తావేజు అయిపోతుంది. తెర మీద తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు, డాలరు గుర్తులు వరసగా ఉన్నాయి.

“ఇవి నావేనా?” అంది అమ్మ.

“మీవేనండి. ఆ సాఫ్టువేరు ఉంటేనే తెలుగులా కనపడతాయి. ఇందులో తెలుగు వేరేగా ఉంటుందండి.”

“కొట్టి చూడనా?”

“మీటల వరస కూడా వేరేనండి,” అన్నారు మాస్టారు. ఆ మాట ఆయన గోడవైపు చూస్తూ అన్నారు.

అమ్మ అయినా కొట్టింది. చూడకుండా, అలవాటుగా, ఒక మాట. తెర మీద వచ్చింది ఏ మాటా కాదు. చేతులు ఒళ్లోకి తీసుకుంది. అప్పుడు అమ్మకి నలభై ఆరేళ్లు. టైపు పరీక్ష ప్యాసైంది పంతొమ్మిదో ఏట.

హన్నా గారు లేచి నన్ను తెల్లకాగితం, కత్తెర, జిగురు అడిగారు. మాస్టారు కొత్త వరస చెబుతుంటే హన్నా గారు గుండ్రటి అక్షరాలతో రాసి, చిన్న చిన్న ముక్కలు కత్తిరించారు. మీటల మీద ఒక్కొక్కటే అంటించాం. ఎడమ చేతివైపు గుడులూ కొమ్ములూ, కుడి చేతివైపు హల్లులు. “ఒకటో తరగతి పిల్లలకి ఇలాగే అట్టలు చేస్తానండి,” అన్నారు హన్నా గారు. “అయితే నేనూ ఒకటో తరగతేనండీ,” అంది అమ్మ. ఆ రోజు అమ్మ నవ్వింది అప్పుడొక్కసారే.

వాళ్లు వెళ్లాక, ఈసారీ తెచ్చిన పనసతొనలు తిని అమ్మ కుర్చీలో కూర్చుంది. నాన్న మంచం మీద కూర్చుని ‘తూర్పు’ అన్నారు. అమ్మ వెతికి వెతికి కొట్టింది. ‘దక్షిణం’ అన్నారు. అలా నాలుగు దిక్కులకీ పావుగంట పట్టింది.

జూన్ మొదటి రెండు వారాలూ ఇంట్లో ఇదే పని. పొద్దున్న వంట అయ్యాక మొదలుపెట్టి, రెండు గంటలకి కరెంటు పోయేదాకా. కరెంటు పోయాక నేను అట్ట మీద గీసిచ్చిన మీటల బొమ్మ ఒళ్లో పెట్టుకుని, వీధి అరుగు మీద కూర్చుని వేళ్లు ఆడించేది. దారిన పోయేవాళ్లు కాంతం గారితో సహా ఆగి అడిగేవారు. కాంతం గారు మా పక్కిల్లు. “హార్మనీ నేర్చుకుంటున్నావా భవానీ?” అని రోజూ అదే అడిగేది. “కచేరీకి పిలుస్తాలే పిన్నీ,” అని అమ్మ రోజూ అదే చెప్పేది.

టైపు మిషను మీద తలకట్టు వేరే కొట్టాలి, ఒత్తు వేరే కొట్టాలి. ఇందులో తలకట్టు దానంతట అదే వచ్చేది. అది అమ్మకి నచ్చింది. ‘ర’ మాత్రం దొరికేది కాదు. పాత చోటికే వేలు వెళ్లేది. “ఈ ర ఎక్కడ చచ్చిందే జ్యోతీ,” అని వంటింట్లోకి వినపడేలా అరిచేది. చెమటకి కాగితం ముక్కలు ఊడొచ్చేవి. మూడుసార్లు కొత్తవి అంటించాం. మూడోసారి హన్నా గారు పోస్టులో పంపిన ముక్కలు వాడాం.

కంప్యూటరు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టేది. అమ్మ మీట నొక్కి వెళ్లి, పాలు కాచి దించి వచ్చేది. మొదటి పేజీ కొట్టడానికి మూడు గంటలు పట్టిందని, జూన్ 12న నలభై నిమిషాలు పట్టిందని నా డైరీలో ఉంది. ఆ పద్నాలుగు రోజుల్లో అయిదుగురు పార్టీలు వచ్చారు. నాన్న వాళ్లకి మాట చెప్పి, చిత్తుప్రతి చెప్పి నాచేత రాయించి, కొట్టించుకోవడానికి తాతాజీ దగ్గరికి పంపారు. అయిదుగురిలో ముగ్గురు రెండోసారి నేరుగా తాతాజీ దగ్గరికే వెళ్లారు.

వెంకన్న ఒకసారి వచ్చాడు. ఇదేదో తను కూడా చూస్తానని సీడీ కాపీ అడిగాడు. నాన్న కాగితాలు జిరాక్సు తీయించి, సీడీ కవరుకి పిన్ను కొట్టి ఇచ్చారు. కాగితం తనకెందుకని వెంకన్న అన్నాడు. కాగితం లేకుండా సీడీ ఇవ్వనని నాన్న అన్నారు. వెంకన్న రెండూ తీసుకెళ్లాడు.

ఆ జిరాక్సు తీయించడానికి వెళ్లింది నేను. నాన్న ఎర్ర పెన్సిలుతో గీసిన గీతలు అప్పుడు చూశాను. చాలా చోట్ల ఒక గీత ఉంది. మొదటి షరతు దగ్గర మాత్రం రెండు గీతలు ఉన్నాయి. ఎన్ని చేతులు మారినా, రాసినవాళ్ల హక్కు ఎవరిదో తెలిపే లైను తీయకూడదు అన్నది ఆ షరతు. పక్కన ఖాళీలో నాన్న తెలుగులో ఒక మాట రాసుకున్నారు. చెయ్యి వణికినందువల్ల నాకు చదవడానికి రాలేదు.

జూన్ 15న కాలవకి నీళ్లు వదిలారు. మొదట బురద, చెత్త వచ్చాయి. సాయంత్రానికి పిల్లల వికెట్లు మునిగాయి.

జూన్ 20, సోమవారం, పొద్దున్న తొమ్మిది గంటలకి సూరమ్మ గారు మా ఇంటికి వచ్చింది. వెనకాల వీర్రాజు గారు చేతిలో కవరుతో ఉన్నారు. ఆయన చెప్పులు విప్పడానికి ఎక్కువసేపు తీసుకున్నారు.

తాతాజీ దస్తావేజు నెల కిందటే టైపు చేసి ఇచ్చాడు. సూరమ్మ గారు వేలిముద్ర వేయలేదు. చదివి వినిపించమంది. కొట్లో జనం ఉన్నారని, అంతా బాగానే ఉందని తాతాజీ అన్నాడు. చదివాకే వేస్తానని ఆవిడ ఇంటికి వచ్చేసింది. కొడుకు చదువుతానన్నా వద్దంది.

“నాయన పోయినప్పుడు మా వాటా కాగితం మీరే చదివేరండి,” అంది నాన్నతో. “దీన్నీ మీరే చదవాలి.”

నాన్న కవరు తీసుకుని ఆరు పేజీలూ మనసులో చదువుకున్నారు.

“తాతాజీ బాగా రాసేడు. తప్పేమీ లేదు. దీన్నే చదివేస్తాను, ఇక్కడే వేలిముద్ర వెయ్యండి.”

“అక్కర్లేదండి. మీ ఇంట్లో కొట్టిందే చదవండి.”

“మా ఇంట్లో ఆలస్యం అవుతుందమ్మా.”

“చెట్లు ఎక్కడికీ పోవండి.”

వీర్రాజు గారు కిందికి చూస్తూ, “అలాగే కానివ్వండి,” అన్నారు.

అమ్మకి మూడు రోజులు పట్టింది. నాన్న చెప్పారు, అమ్మ కొట్టింది. పుత్రపౌత్ర పారంపర్యంగా అన్న మాట దగ్గర ‘ర’ నాలుగుసార్లు వస్తుంది. మొదటిసారి పాత చోటికి వెళ్లి, వెనక్కి వచ్చింది. తర్వాత మూడుసార్లూ తడుముకోలేదు. గురువారం సాయంత్రం డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు స్టాంపు కాగితం మీద మొదటి పేజీ కొట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు మా వీధిలో వినపడి ఏడు వారాలైంది. కాంతం గారు గోడ మీంచి, “కచేరీయా?” అని అడిగింది.

చివరి పేజీలో సాక్షుల చోటు, దస్తూరి చోటు ఎప్పటిలాగే ఖాళీగా ఉంచాం. అవి చేత్తో నింపాలి.

జూన్ 24, శుక్రవారం, ఎనిమిదిన్నరకి సూరమ్మ గారు, వీర్రాజు గారు, కూతురు, ఇద్దరు సాక్షులు వచ్చారు. ముందుగదిలో చాప వేశాం. అమ్మ కంప్యూటరు పక్కన నిలబడింది. నాన్న ఆరో పేజీ ముందు తీసి బల్ల మీద పెట్టుకున్నారు. కలం మూత తీశారు. కుడిచేతి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని అడుగున రాశారు. ఎప్పుడూ రాసేదానికంటే ఎక్కువసేపు పట్టింది. సిరా ఆరేదాకా ఆగి, మొదటి పేజీ తీసి చదవడం మొదలుపెట్టారు.

ముప్పావుగంట చదివారు. ప్రతి హద్దు దగ్గరా ఆగారు. ఆగినప్పుడల్లా సూరమ్మ గారు ‘ఆయ్’ అంది. తూర్పున పంటబోదె, ఆయ్. పడమర మీ మరిది గారి తోట, ఆయ్. కూతురు ఒప్పుకుని పుచ్చుకుంటున్నట్టు రాసిన చోట కూతురి వైపు చూశారు, ఆ అమ్మాయి తలూపింది. సాక్షుల చోటు దాకా వచ్చారు. మామూలుగా అక్కడితో ఆపి వేలిముద్రకి సిరాడబ్బా తెరుస్తారు. ఆ రోజు ఆపలేదు. కళ్లజోడు సర్దుకుని అదే గొంతుతో చదివారు.

“రచన, కేశవరావు. దస్తూరి, భవానీదేవి.”

అమ్మ కంప్యూటరు మీద గుడ్డ కప్పుతోంది. చెయ్యి ఆగింది. తర్వాత అంచులు సరిచేసి కప్పడం పూర్తిచేసింది.

“భవానీదేవంటే ఎవరండీ?” అంది సూరమ్మ గారు.

“మా ఆవిడండి. మీ కాగితం ఆవిడ చేత్తో చేసిందే.”

సూరమ్మ గారు అమ్మ వైపు చూసి, “మంచిదండి,” అని వేలు చాపింది.

అదే రోజు పన్నెండు గంటలకి దస్తావేజు రిజిస్టరైంది. ఆ కంప్యూటరు 2011 దాకా పనిచేసింది. నాన్న 2014లో పోయారు.

2018 నవంబరులో వేరే పని మీద రాజోలు వెళ్లినప్పుడు దరఖాస్తు పెట్టి ఆ దస్తావేజు నకలు తీయించాను. ఆరు పేజీలూ ఉన్నాయి. చివరి పేజీలో సాక్షుల సంతకాల కింద దస్తూరి అన్న చోట అక్షరాలు వణికి, ‘దే’ లైను దాటి కిందికి వచ్చింది. చదవడానికి వస్తుంది. భవానీదేవి అని ఉంది.